యాడికొచ్చి ఆగిందో చెప్పు

టీచరమ్మ పోయిన సంగతి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. పొద్దున పదిన్నర దాటింది. ప్రొద్దుటూరులో నా షాపులో ఒక కాలేజీ వాళ్ళ ప్రింటరు విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాను. "అన్నా, అమ్మ తెల్లారుజామున పోయింది. పులివెందుల నుంచి బయల్దేరతాండాం. కాలనీకే తెస్తాండాం," అని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది. ఆ ప్రింటరు మరలు మళ్ళీ బిగించానో లేదో గుర్తులేదు. షట్టరు దించి జమ్మలమడుగు బస్సెక్కాను.

నేను కంప్యూటర్లు అమ్మి, బాగుచేసి బతికే మనిషిని. రాయడం నా పని కాదు. కానీ ఆమెను బడిలో మాత్రమే చూసినవాళ్ళు, ఎవరో రిటైరైన లెక్కల టీచరమ్మ పోయిందట అనుకుని ఊరుకుంటారు. ఆ తర్వాత అరవై ఐదేళ్ళ వయసులో ఆమె చేసిన పని ఒకటుంది. అది దగ్గరుండి చూసినవాణ్ణి, అందులో సగం తప్పులు చేసినవాణ్ణి నేనే కాబట్టి చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

జమ్మలమడుగులో తొమ్మిది, పది తరగతుల్లో మాకు లెక్కలు చెప్పింది ఆమె. సన్నటి మనిషి. నూలు చీర, కళ్ళజోడుకు నల్లదారం, చేతిలో గొడుగు. మా సీమలో గొడుగు వాన కోసం కాదని మీకు తెలిసిందే. బోర్డు మీద ఎవరైనా తప్పు లెక్క చేస్తే తుడవనిచ్చేవారు కాదు. పక్కనే సరైనది వేయించి, పీరియడ్ అయ్యేదాకా రెండూ అట్లాగే ఉంచేవారు. తప్పు కింద చేసినవాడి పేరు కూడా రాయించేవారు. ఎక్కువసార్లు అది నా పేరే. లెక్క రాక, నిలబడి "రాలేదు టీచర్" అంటే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది.

"రాలేదు అనాకు. యాడికొచ్చి ఆగిందో చెప్పు," అనేవారు.

అప్పట్లో ఆ మాటంటే నాకు మంట. లెక్క రాకపోవడం ఒక బాధ అయితే, ఎక్కడ రాలేదో వెతుక్కోవడం ఇంకో బాధ. బెత్తంతో రెండేస్తే పోయేదానికి ఈ నస దేనికి అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా షాపులో పనిచేసే ఇద్దరినీ నేను రోజూ అదే మాట అడుగుతున్నాను. వాళ్ళూ నన్ను లోపల అట్లాగే తిట్టుకుంటూ ఉంటారు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఒకరోజు ఎండన పడి గొడుగుతో నా షాపుకొచ్చారు. చేతిలో టీ గ్లాసుతో లేచి నిలబడ్డాను. గ్లాసు వెనక్కి దాచుకున్నాను కూడా. ఎందుకో ఇప్పటికీ తెలియదు, టీ తాగడం తప్పా? ఆమె గమనించనట్టే కుర్చీ లాక్కుని వచ్చిన పని చెప్పారు. వాళ్ళ ఊరు కొండాపురం దగ్గర. గండికోట రిజర్వాయర్లో నీళ్ళు నిలిపినప్పుడు మునిగిన ఊళ్ళలో అదొకటి. జనమంతా జమ్మలమడుగు దగ్గర ప్రభుత్వం ఇచ్చిన పునరావాస కాలనీకి వచ్చారు. ఆమె జమ్మలమడుగులో ఇల్లున్నా, పులివెందులలో నర్సుగా పనిచేసే కూతురు రమ్మన్నా పోకుండా, ఊరివాళ్ళతో పాటు ఆ కాలనీకే వచ్చి ఉన్నారు.

ఆ ఊరి చర్చిలో ఐదు పెద్ద రిజిస్టర్లు ఉండేవట. మిషన్ దొరల కాలం నుంచి ఊళ్ళో ఎవరికి బాప్తిస్మమిచ్చినా, ఎవరి పెళ్ళైనా, ఎవరిని సమాధి చేసినా పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ అందులో రాసేవాళ్ళు. ఇప్పుడా పుస్తకాలకు చెదలు పట్టింది. ముట్టుకుంటే అంచులు పొడి రాలుతున్నాయి.

"మా అవ్వల పేర్లు, తాతల పేర్లు ఆ పుస్తకాల్లో తప్ప ఇంక యాడా లేవప్పా," అన్నారు. "కూలోళ్ళ పేర్లు ఎవరు రాసిపెడతారు? ఊరు నీళ్ళల్లోకి పోయింది. పేర్లు గూడా పోతే మేము యాడ పుట్టినోళ్ళం?"

ఒక కాలేజీలో పక్కన పడేసిన పాత కంప్యూటర్లు ఎనిమిది తెచ్చి, దుమ్ము దులిపి, వాటిలో విండోస్ బదులు లైనక్స్ వేశాను. పాతవాటికి అదే తేలిక. వాటికి తోడు కొంచెం మంచిది, పెద్దది ఒకటి సర్వర్‌గా పెట్టాను. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్కలో చెబుతాను. చిన్నవాటిలో ఎవరు ఏం టైపు చేసినా అదంతా పెద్దదానిలోని ఒకే బీరువాలోకి పోతుంది. చిన్నదాని ముందు కూర్చున్న మనిషికి మాత్రం ఆ బీరువా తన కంప్యూటర్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. దీన్ని నెట్‌వర్క్ షేర్ అంటాం. పేర్లన్నీ ఒకచోట ఉండడానికి ఇంతకంటే మంచి దారి లేదని చెప్పి, మెడ నిగుడ్చుకుని తిరిగొచ్చాను.

కాలనీలో ఒక గది దొరికింది. రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదున్నర వరకు కాలనీ ఆడవాళ్ళు ఎనిమిది మంది వచ్చి టైపు చేసేవాళ్ళు. పొద్దున పొలాల్లో కలుపుకు పోయి వచ్చినవాళ్ళే. గది తాళం మార్తమ్మ దగ్గర ఉండేది. ఇంటర్ ఒక సబ్జెక్టు పోయి చదువు మానేసిన మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. రెండు వేళ్ళతో కొట్టినా అందరికంటే ముందు ఆమె పేజీ అయ్యేది. ఒకరు టైపు చేసింది ఇంకొకరు చదివి సరిచూడాలని టీచరమ్మ నియమం. అక్షరం తప్పితే ఒక మనిషి వేరే మనిషి అయిపోతాడు అనేవారు.

రెండు నెలలకు మొదటి రిజిస్టరు ఎక్కించడం అయ్యింది. ఆ వారమే మార్తమ్మ ఫోన్ చేసింది. సాయంత్రం షట్‌డౌన్ కొడితే కంప్యూటర్లు ఆరిపోవడం లేదట. నల్లటి తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుందట. అర్ధగంట చూశామంది. నేను అప్పుడు ఎవరి మీదో చిరాగ్గా ఉన్నాను. పవర్ బటన్ పది సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకోమ్మా, అదే చస్తుంది అని చెప్పి పెట్టేశాను. టీచరమ్మకు ఆ ఉపాయం నచ్చలేదని తర్వాత తెలిసింది. "పీక నొక్కి పండబెట్టేదేంది?" అన్నారట. అయినా కంప్యూటర్ల సంగతి నాకే తెలుసని ఊరుకున్నారు. ఆడవాళ్ళు రోజూ సాయంత్రం అట్లాగే నొక్కి ఇళ్ళకు పోసాగారు.

ఒకరోజు మార్తమ్మ తన ఫైలు తెరిస్తే లోపల ఏమీ లేదు. మూడో రిజిస్టరు, ఆరు వారాల టైపింగు. ఒక్క పేరు కూడా మిగల్లేదు. ముందురోజు సాయంత్రం సేవ్ కొట్టింది, అది సగంలో ఉండగానే అంతా ఇరుక్కుంది, నేను చెప్పినట్టే బటన్ నొక్కింది. కాపీ ఇంకోచోట ఉందా అని టీచరమ్మ ఫోన్లో అడిగారు. లేదు. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకుంటూ బ్యాకప్ పెట్టనివాణ్ణి నేను. ఆ మాట చెప్పడానికి నసిగాను.

మార్తమ్మ ఆ సాయంత్రమే తాళం తెచ్చి టీచరమ్మ చేతిలో పెట్టింది. కలుపు తీసే చేతులివి, మాకు చేతకాని పని టీచరమ్మా అని వెళ్ళిపోయింది. ఆమె మానేసరికి ఇంకో ఇద్దరు మానేశారు. మిగతావాళ్ళు సేవ్ కొట్టడానికి కూడా భయపడసాగారు. పుస్తకాలేమో రోజురోజుకూ రాలిపోతున్నాయి. టైపు చేసే చేతులు లేకపోతే ఆ పేర్లు ఇంకెవరూ ఎక్కించరు. టీచరమ్మ నాకు ఫోన్ చేసి, ఇది సరయ్యేదాకా నేను నిద్రపోను, నిన్నూ పోనియ్యను అన్నారు.

సామాను సంచి బండికి కట్టుకుని పోయాను. ఒక్కపూటలో మెమరీ మార్చాను, లైనక్స్ కొత్తది వేశాను, డిస్‌ప్లే డ్రైవర్ మార్చాను, అనుమానం ఉన్నచోట హార్డ్ డిస్క్ కూడా మార్చాను. అందరినీ లేపి నేనే స్వయంగా తొమ్మిదీ ఆర్పి చూశాను. చెప్పినమాట విన్నట్టు ఆరిపోయాయి. గర్వంగా ఇంటికి పోయాను. మూడురోజులకు మళ్ళీ ఫోన్. మళ్ళీ పోయాను, మళ్ళీ నా ముందు బుద్ధిగా ఆరాయి. మూడోసారీ అంతే. డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం తగ్గే రకం. నాకు కోపం తొందర, మా ఆవిడను అడిగితే ఇంకా ఎక్కువ చెబుతుంది. ఐదుగురు ఆడవాళ్ళ ముందు, మీరే ఏదో పిచ్చిపిచ్చిగా నొక్కుతున్నారు అని అరిచాను. తలకాయలు దించుకుని కూర్చున్నారు.

టీచరమ్మ నన్ను వరండాలోకి రమ్మన్నారు. తిడతారనుకున్నాను. టీ పోసి చేతికిచ్చారు.

"మొదటిసారి వచ్చినప్పుడు ఎన్ని మార్చినావు?"

"నాలుగు టీచర్."

"అప్పుడు బాగైందే అనుకో. నాలుగింట్లో ఏది పనిచేసిందో నీకెట్లా తెలుస్తుంది?"

నేను టీ తాగాను.

"నువ్వు ఉంటే ఆరిపోతాండాయి. నువ్వు పోతే ఇరుక్కుంటాండాయి. ఇంకేం మార్చాకు. ఒకసారికి ఒక్కటే. అదీ చూసినాకనే," అన్నారు. "అవి ఆరిపోయేటప్పుడు యాడికొచ్చి ఆగుతాండాయో ముందు అది కనుక్కో."

సిగ్గుతో చచ్చిపోయాను. కంప్యూటర్ పని నేర్చుకున్నవాడు మొదట చేయాల్సింది అదే. ఆరిపోయేటప్పుడు తెర మీద తిరిగే ఆ అందమైన చక్రం వెనకాల, ఏం చేస్తున్నదీ కంప్యూటర్ వరసగా చెబుతూనే ఉంటుంది. చక్రం అడ్డం ఉంటుంది కాబట్టి మనకు కనిపించదు. ఆ ఒక్క చక్రాన్ని తీసేశాను. ఇంకేమీ ముట్టుకోలేదు. బటన్ నొక్కడం ఆరోజుతో బంద్ అని టీచరమ్మ చెప్పారు. ఇరుక్కుంటే ఇరుక్కోనీ, అది ఏం చెబుతుందో చూసి రాసుకున్నాకే ఏదైనా అన్నారు.

ఆ తర్వాత పదిహేను రోజులు ఆమె చేసిన పని చూస్తే మీకు ఆమె ఎట్లాంటి మనిషో తెలుస్తుంది. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని, స్కేలుతో గీతలు కొట్టి, రోజూ సాయంత్రం ఏ నంబరు కంప్యూటర్, ఎన్నింటికి షట్‌డౌన్ కొట్టారు, తెర మీద ఆఖరి వాక్యం ఏమిటి అని రాసేవారు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చూసి దించేవారు. కళ్ళు సరిగా ఆనేవి కావు, స్టూలు తెరకు దగ్గరగా లాక్కునేవారు. ఆరింటికల్లా నాకు ఫోన్ చేసి అక్షరం అక్షరం చదివేవారు. నాలుగోరోజుకు నాకు అర్థమైంది. పదిహేనోరోజుకు ఇద్దరికీ అనుమానం లేకుండా పోయింది. ప్రతి కంప్యూటరూ, ప్రతిరోజూ ఒకే వాక్యం దగ్గర ఆగుతోంది. సర్వర్ పలకడం లేదు, ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాను అని దానర్థం.

"పలకనోళ్ళను పిలుస్తానే ఉండాది పాపం," అన్నారు టీచరమ్మ. "పెద్దది ఏంటికి పలకడంల్యా?"

వైరు వదులై ఉంటుందన్నాను. కొత్త వైరు కట్ట తీసుకుని మర్నాడే పోయాను. ఆమె దాన్ని నా చేతిలోంచి తీసి గూట్లో పెట్టారు. నన్ను గదిలో ఆఖరి బెంచీ మీద కూర్చోమన్నారు. చేతులు కట్టుకోమన్నారు. నలభైకి దగ్గరపడిన మనిషిని, చేతులు కట్టుకుని కూర్చున్నాను. నువ్వు మిషన్‌ను శానా చూసినావు, ఈ పొద్దు మనుషుల చేతులు చూడు అన్నారు.

ఆ పొద్దున ఆమె మార్తమ్మ ఇంటికి పోయి వచ్చారని నాకు తర్వాత తెలిసింది. మార్తమ్మ రానంటే, గొడుగు వేసుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడ్డారట, వస్తావా లేదా అని. తప్పు ఎవరిదో తెలుసుకోవాలంటే నువ్వుండాల, లేకపోతే నీదే అని నువ్వు అనుకుంటానే ఉంటావు అన్నారట. రెండింటికి మార్తమ్మ వచ్చింది. నా వైపు చూడకుండా తన చోట కూర్చుంది. నష్టపోక ముందు ఎట్లా చేసేవాళ్ళో అట్లాగే చేయండి, ఈ అబ్బి ఇక్కడ లేడు అనుకోండి అని టీచరమ్మ చెప్పారు.

ఐదున్నరయ్యింది. మార్తమ్మ లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. ఎనిమిది కంప్యూటర్లు దాటుకుని నేరుగా మూలనున్న పెద్దదాని దగ్గరికి పోయింది. ఎంతో భద్రంగా దాన్ని ఆర్పింది. లైటు పోయేదాకా నిలబడి చూసి, ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, ఇంక మీరు ఆర్పుకోండి అంది. మిగతావాళ్ళు ఎనిమిదింటికీ షట్‌డౌన్ కొట్టారు. ఎనిమిది తెరల మీదా ఒకే వాక్యం వచ్చి నిలబడింది.

అప్పుడు అర్థమైంది. చిన్న కంప్యూటర్ ఆరిపోయేముందు, తన దగ్గర మిగిలినవేమన్నా ఉంటే పెద్దదాని బీరువాలో పెట్టి, ఆ తలుపు మూసి, అప్పుడు పోతుంది. బీరువానే లేకపోతే అది ఎవరికి అప్పజెప్పాలి? పిలుస్తూ ఉండిపోతుంది. నేను వచ్చినప్పుడు గుమ్మం దగ్గర మొదలుపెట్టి వరసగా ఆర్పుకుంటూ పోయేవాణ్ణి. పెద్దది గది చివర ఉంది కాబట్టి ఊరికే చివర్న ఆర్పేవాణ్ణి. అందుకే నా ముందు ఒక్కసారీ ఇరుక్కోలేదు. మూడుసార్లు వచ్చి కూడా, మీరెట్లా ఆర్పుతున్నారమ్మా అని ఒక్కరిని అడగలేదు.

మార్తమ్మ వైపు తిరిగి నోరు తెరిచాను. టీచరమ్మ చేయి అడ్డం పెట్టారు.

"ఆ యమ్మను అనాకు. అట్లా చెప్పింది నేను."

తర్వాత నెమ్మదిగా సంగతి చెప్పారు. నీళ్ళు ఊళ్ళోకి వచ్చిన ఏడు, ఖాళీ చేయమన్నారు. మొదటి ట్రాక్టరు వస్తే బియ్యం మూటలు కాదు, మంచాలు కాదు, ఊరివాళ్ళు ముందు ఆ రిజిస్టర్ల ట్రంకుపెట్టె ఎక్కించారట. పుస్తకాలు గట్టున పడ్డాకే మనుషులు కదిలారు. పేర్లన్నీ ఇప్పుడు పెద్ద కంప్యూటర్లో ఉన్నాయి కాబట్టి, కరెంటు పోకముందే, తొందరలు మొదలవకముందే దాన్ని ముందు భద్రంగా పండబెట్టండి అని మొదటి రిజిస్టరు అయిన రోజు ఆమే చెప్పారు. వాళ్ళు ఆ మాట ఒక్కరోజు తప్పకుండా పాటించారు. ఆడవాళ్ళందరూ అవునన్నట్టు తలలూపారు. వాళ్ళకది కొత్త సంగతి కాదు. నేనెప్పుడూ అడగలేదు, అంతే.

ఆ గదిలో ఒక నల్లబోర్డు ఉంది. టీచరమ్మ లేచి బోర్డు మీద ఎడమపక్క తప్పు వరస రాశారు, ముందు పెద్దది, తర్వాత చిన్నవి. కుడిపక్క సరైన వరస. ఎడమపక్క దాని కింద తన పేరు రాసుకున్నారు. బడిలో మా పేర్లు రాయించినట్టే, అదే అక్షరాలతో. ఆరు వారాలుగా తనను తాను తిట్టుకుంటున్న మార్తమ్మ ఆ పేరు చూసి కళ్ళు తుడుచుకుంది. నేను కూడా లేచి సుద్దముక్క తీసుకుని, బటన్ నొక్కమన్నది, బ్యాకప్ పెట్టనిది అని రాసి కింద నా పేరు రాశాను. ఆమె నన్ను అడగలేదు. కానీ రాయకుండా కూర్చుంటే ఆ బెంచీ మీద నుంచి లేవలేకపోయేవాణ్ణి.

"అంటే చుట్టాలందరూ పోయినాక ఇంటామె తలుపేసుకున్నట్టు. అంతేనా టీచరమ్మా?" అని అడిగింది మార్తమ్మ.

అంతే అన్నారు టీచరమ్మ. మార్తమ్మ గూట్లో ఉన్న తాళం తీసి తన కొంగుకు కట్టుకుంది.

ఇక్కడితో అయిపోయిందని నేను అనుకున్నాను. ఆమె అనుకోలేదు. వరస మార్చాక ఆరు కంప్యూటర్లు రోజూ చక్కగా ఆరిపోయాయి. వరండా గోడ పక్కన ఉన్న రెండు మాత్రం వారానికి ఒకటి రెండుసార్లు ఇరుక్కునేవి. ఎనిమిదికి ఆరంటే మంచి మార్కులే కదా టీచర్ అన్నాను. "రెండు కంప్యూటర్లల్లో ఎంతమంది పేర్లు ఉండాయి?" అని అడిగారు. మళ్ళీ సామాను సంచి తెరిచాను.

ఆ రెండింటికీ వైరు అందక వైర్‌లెస్ పెట్టాను. ఆరిపోయేటప్పుడు అవి తొందరపడి ముందు వైర్‌లెస్‌ను వదిలేసి, ఆ తర్వాత బీరువా తలుపు మూయడానికి పోతున్నాయి. దారి తెగ్గొట్టుకున్నాక తలుపు ఎట్లా అందుతుంది? ఈ బీరువా నెట్‌వర్క్ మీద ఆధారపడింది, ముందు దీన్ని మూసి తర్వాత నెట్‌వర్క్ వదులు అని సెట్టింగుల్లో ఒక్క మాట చేర్చాను. ఆ ఒక్కటే. ఒక వారం చూశాం. ఆ తర్వాత, వాడనప్పుడు బీరువాను పట్టుకుని కూర్చోకుండా, కావాల్సినప్పుడే తెరిచి, పని కాగానే వదిలేసేట్టు పెట్టాను. మళ్ళీ ఒక వారం. ప్రతి మార్పూ తేదీతో నోట్‌బుక్కులోకి ఎక్కింది. బ్యాకప్ డిస్కు ఒకటి పెట్టి, రోజూ ఐదింటికి కాపీ అయ్యేట్టు చేశాను. దాన్ని మార్తమ్మ రోజూ తన ఇంటికి తీసుకుపోయేది.

ఆ రోజుల్లో ఆరింటికి నా ఫోన్ మోగేది. ఈ పొద్దు ఎనిమిదీ నిమ్మళంగా పండుకున్యాయి అని చెప్పి పెట్టేసేవారు. ఒకరోజు పాసైతే పాసు కాదని రెండు నెలలు వరసగా చెప్పారు. తర్వాత నమ్మకం కుదిరి ఫోన్ మానేశారు. ఆరైతే కొన్నాళ్ళు నాకేదో వెలితిగా ఉండేది. ఇది ఆమెకు చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

పోయిన మూడో రిజిస్టరు ఆమే, మార్తమ్మా పక్కపక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి మళ్ళీ ఎక్కించారు. చెదలు తిన్నచోట ఊళ్ళో ముసలివాళ్ళను పిలిపించి, ఈ పేరు ఎవరిదో చెప్పు అని అడిగి రాశారు. పోయిన పేర్లన్నీ వెనక్కి వచ్చాయి. మానేసిన ఇద్దరూ కూడా వచ్చారు. నేను వాళ్ళకు క్షమాపణ చెప్పాను. చెప్పమని టీచరమ్మ అనలేదు గానీ, చెప్పేదాకా నాకు టీ ఇవ్వలేదు.

నెల కింద పులివెందుల ఆసుపత్రిలో ఆమెను చూడబోయాను. మంచం మీద ఇంకా చిన్నగా అయిపోయారు. ఒంట్లో ఎట్లా ఉందని అడిగితే ఆ మాట పక్కన పెట్టి, ఐదో పుస్తకం యాడికొచ్చింది అని అడిగారు. ఆఖరి పేజీల్లో ఉన్నారని చెప్పాను. అక్కడితో ఆపొద్దన్నారు. రిజిస్టరు ఊరు మునిగిన ఏడు ఆగిపోయింది. ఆ తర్వాత కాలనీలో పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు ఎందులోనూ లేరు. వాళ్ళను కూడా రాయాలని ఆమె పట్టు. కాలనీ పెద్దలు ఒప్పుకోలేదు. అది ఊరి పుస్తకం, ఊరే లేనప్పుడు పుస్తకమేంటికి అన్నారు. మార్తమ్మకు కూడా ఇష్టం లేదు. ఆ పట్టికలో ఊరు అని ఒక గడి ఉంటుంది. అందులో కాలనీ పేరు రాస్తే మన ఊరు ఇంక లేనట్టే కదా టీచరమ్మా అని ఏడ్చిందట.

"ఊరు లేదు. పిల్లోల్లు ఉన్యారు గదప్పా," అన్నారు నాతో. అంతసేపు మాట్లాడడం ఆమెకు ఎక్కువైంది. కూతురు నన్ను ఇంక పొమ్మంది. ఆమె మాట నేను విన్న ఆఖరిసారి అదే.

మధ్యాహ్నం మూడింటికి కాలనీ సమాధుల దొడ్లో ఆమెను పెట్టాం. జమ్మలమడుగు నుంచి పాత విద్యార్థులు చాలామందే వచ్చారు. పాటలయ్యాక జనం చెదిరారు. కాలనీ ఆడవాళ్ళు ఇళ్ళకు పోకుండా గది వైపు నడిచారు. వాళ్ళ వెనక టీచరమ్మ కూతురు, ఆ వెనక నేను. మార్తమ్మ తాళం తీసింది. ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. మార్తమ్మ పెద్ద కంప్యూటర్ ముందు కూర్చుని ఐదో రిజిస్టరు తెరిచింది. ఆఖరి పేరు వారం కిందే ఎక్కించారట. దాని కింద అంతా ఖాళీ.

ఆ ఖాళీలో మార్తమ్మ టీచరమ్మ పేరు కొట్టింది. తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ. ఊరు అన్నచోట ఆగకుండా పాత ఊరి పేరే కొట్టింది. పైనుంచి కిందిదాకా ఆ గళ్ళన్నింటిలో ఉన్నది ఆ పేరే మరి. టైపు చేసినవాళ్ళు సరిచూడకూడదు కాబట్టి లేచి, కుర్చీ టీచరమ్మ కూతురికిచ్చింది. ఆ పిల్ల తన తల్లి పేరు మీద వేలు పెట్టి, ఒక్కో గడీ పైకి చదివింది. ఊరి గడి దగ్గర వేలు ఆగింది. చదవలేదు, తప్పు అనలేదు. వెనక్కి తిరిగి మార్తమ్మ వైపు చూసింది. మార్తమ్మ వంగి, ఆ పిల్ల భుజం మీదుగా చేయి చాపి, ఊరి పేరు ఒక్కో అక్షరమే చెరిపింది. దానిచోట కాలనీ పేరు కొట్టింది. "ఇప్పుడు చదువు," అంది.

ఆ పిల్ల చదివింది. సేవ్ కొట్టారు. మార్తమ్మ ముక్కు చీదుకుని, రేపు రెండింటికి అందరూ రండి, మొన్న పోయిన మా మామను రాయాల, మీ ఇండ్లల్లో పుట్టిన పిల్లోల్ల పేర్లు తెచ్చుకోండి అని చెప్పింది. ఐదున్నరకు ఆడవాళ్ళు ఒక్కొక్కరే షట్‌డౌన్ కొట్టి లేచారు. గుమ్మం దగ్గర నుంచి వరసగా ఎనిమిది తెరలూ నల్లబడ్డాయి. మూలన పెద్ద తెర మాత్రం వెలుగుతోంది. దాని మీద ఎన్నో తరాలుగా కిందికి దిగివచ్చిన ఒకే ఊరి పేరు, దాని అడుగున ఒకే ఒక్క గడిలో కాలనీ పేరు. మార్తమ్మ మౌస్ మీద చేయి పెట్టుకుని చూస్తూ నిలబడింది. త్వరగా ఆర్పమని మేమెవరమూ అనలేదు.